పొలుసు కింది లోకం

కోడిని చూడగానే మన కళ్లు ముందు తోక మీదికో జుట్టు మీదికో పోతాయి. ఈకల రంగును బట్టి డేగ, కాకి, నెమలి, సేతువ అని పేర్లు పెట్టుకున్నవాళ్లం మనం. కాళ్ల దాకా వచ్చేసరికి చూపు నిలవదు. రోజంతా మట్టి గీకేవి, పెంట తొక్కేవి, వాటిలో చూడ్డానికేముందిలే అనుకుంటాం. నిజానికి కోడి ఒంట్లో అన్నిటికంటే పాత కథ ఆ కాళ్ల మీదే ఉంది. ఆ కథలోకి మరో ప్రాణి చొరబడి కాపురం పెడుతుంది. అర మిల్లీమీటరుకు మించని ఒళ్లు దానిది. పొలుసు కింద సొరంగం తవ్వుకుని, అక్కడే తిని, అక్కడే ఈని, అక్కడే పోతుంది. పంటల మీది నల్లికి దూరపు చుట్టం కాబట్టి దాన్ని కాలి నల్లి అందాం. శాస్త్రజ్ఞుల లెక్కలో దాని పేరు నెమిడోకాప్టిస్ మ్యూటాన్స్.

ముందు కాలు సంగతి చెప్పాలి. అది తెలియకపోతే నల్లి చేసే నష్టమేమిటో అర్థం కాదు.

ఆరోగ్యంగా ఉన్న పెట్టని చేతుల్లోకి తీసుకుని చూడండి. మనం దాని మోకాలు అనుకునేది మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు పైన ఈకల చాటున ఉంటుంది. మడమ నుంచి వేళ్ల దాకా నిటారుగా కనిపించేది, పాదంలోని ఎముకలు ఒక్కటిగా అతుక్కుపోయి సాగిన భాగం. అంటే కోడి బతికినన్నాళ్లూ మునివేళ్ల మీదే నడుస్తుంది. ఆ కాలికి ముందువైపు వెడల్పాటి పొలుసులు, పెంకుటింటి కప్పు మీద పెంకులు పరిచినట్టు, పైదాని అంచు కిందిదాన్ని కప్పుతూ వరసగా దిగుతాయి. వెనకవైపూ, వేళ్ల అడుగునా ఉండేవి చిన్నవి, గుండ్రనివి. మొసలి పొలుసును, కోడి ఈకను, దాని ముక్కు పైపొరను తయారుచేసే ప్రోటీన్లన్నీ ఒకే కుటుంబానివి. పొలుసుకూ ఈకకూ మధ్య దూరం మనం అనుకునేంత లేదు. 1980లో ఫ్రాన్సులో దానియెల్ దువాయీ బృందం విటమిన్ ఏ నుంచి వచ్చే రెటినోయిక్ ఆమ్లాన్ని కోడి పిండాలకు సరైన సమయంలో ఇచ్చి చూస్తే కాలి పొలుసుల మీద ఈకలు మొలిచాయి. 2023లో జెనీవా విశ్వవిద్యాలయంలో మరో అడుగు వేశారు. పిండం ఎదిగేటప్పుడు పనిచేసే ఒకానొక జన్యు సంకేతాన్ని కాసేపు మాత్రం పెంచారు, అదీ ఒక్కసారే. పొలుసులు రావలసిన చోట ఈకలతో పిల్లలు పుట్టాయి. ఆ ఈకలు మళ్లీ పొలుసులు కాలేదు, పెద్దయ్యాకా అలాగే ఉన్నాయి. ప్రతి పొలుసు లోపలా ఒక ఈక అవకాశం కోసం కాచుకుని ఉందన్నమాట.

కాలి రంగులోనూ ఒక చరిత్ర ఉంది. అది మన నేలదే. పెంపుడు కోళ్లన్నిటికీ మూలం ఎర్ర అడవికోడి ఒక్కటేనని డార్విన్ తేల్చాడు. చాలావరకు అది నిజమే. కానీ కోటానుకోట్ల కోళ్ల కాళ్లలో కనిపించే పసుపు ఎర్ర అడవికోడిది కాదని 2008లో స్వీడన్ శాస్త్రజ్ఞులు జన్యువుల్లో చూపించారు. ఆ పసుపు భారత ద్వీపకల్పంలో తప్ప ఎక్కడా సహజంగా ఉండని బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చింది. ఎప్పుడో మన అడవుల అంచున ఒక పెంపుడు పెట్టకూ ఒక అడవి పుంజుకూ జత కుదిరింది. దాని గుర్తు ఇవాళ సిడ్నీ పెరళ్లలో మేతకోసం గీకుతున్న గోధుమరంగు పెట్టల కాళ్ల మీద ఉంది. దూరదేశంలో కోడిని పెంచుకునే తెలుగువాడికి ఇంతకంటే దగ్గరి చుట్టరికం ఏం కావాలి!

ఇంకొక్క వింత చెప్పి నల్లి దగ్గరికి వస్తాను. సాయంత్రం కోడి అడ్డకర్ర మీదికెక్కి కుదురుగా కూచున్నప్పుడు దాని మడమ వంగుతుంది. ఆ వంపుకు కాలి వెనకనుంచి వేళ్ల కొసల దాకా పోయే నరంపట్టీలు బిగుసుకుని, వేళ్లు వాటంతటవే కర్రను చుట్టుకుంటాయి. నిద్రలో పట్టు జారదు. గట్టిగా పట్టుకున్నామన్న శ్రమ కూడా కోడికి ఉండదు. ఈ అమరిక అంతా సాఫీగా సాగాలంటే వేళ్లు స్వేచ్ఛగా ముడుచుకోవాలి. వాటిమీది పొలుసులు పలచగా, ఒకదానిమీద ఒకటి జారేలా ఉండాలి. నల్లి చెడగొట్టేది సరిగ్గా దీన్నే.

కాలి నల్లిని మొదట వర్ణించింది ఫ్రాన్సుకు చెందిన రోబాన్, లాంక్తాన్ అనే ఇద్దరు, 1859లో. మనుషులకు గజ్జి పుట్టించే పురుగుకూ దీనికీ దగ్గరి పోలిక ఉంది. ఇద్దరిదీ చర్మంలో సొరంగాలు తవ్వే వృత్తే. సూక్ష్మదర్శిని కింద ఆడ నల్లి గుండ్రంగా, బూడిద తెలుపుగా, బొద్దుగా ఉంటుంది. కాళ్లు ఎనిమిది, అవీ మరీ పొట్టివి, ఒంటి అంచు దాటి బయటికి రావడమే కష్టం. పరుగెత్తే ప్రాణి కాదిది. దానికి ఎక్కడికీ పోవలసిన పని లేదు. పొలుసు సందులోంచి దూరి, కింది చర్మపు పైపొరను తొలుచుకుంటూ, ఆ కొమ్ముపదార్థాన్నే తింటూ ముందుకు పోతుంది. గుడ్లు పెట్టి వదిలెయ్యదు, సొరంగంలోనే పిల్లల్ని కంటుంది. పుట్టిన పిల్లకు ఆరే కాళ్లు, ఇంకో జత తర్వాత వస్తుంది. రెండు మూడు వారాల్లో పిల్ల తల్లి అవుతుంది. ఈ తరాలన్నీ ఒక్క కోడి కాలి మీదే గడిచిపోతాయి.

వీటన్నిటికన్నా నాకు ఆశ్చర్యం కలిగించింది దాని ఊపిరి. దీనికి ముక్కు లేదు. చాలా పురుగులకు ఒంటి పక్కన ఉండే గాలి రంధ్రాలూ లేవు. ఒంటి తోలు మొత్తంతోనే గాలి పీల్చుకుంటుంది. చీకట్లో, ఇరుకులో, పొలుసు కింద బతకడానికి ఆ ఏర్పాటు చాలు. దాన్ని వదిలించే దారి కూడా ఆ ఏర్పాటులోనే దొరుకుతుంది. ఆ సంగతి తర్వాత.

సిడ్నీకి వాయవ్యంగా, బ్లాక్‌టౌన్ నగరపాలక పరిధిలో, రిచ్‌మండ్ వైపు పోయే రైలు దారి మీద ఉంది మేముండే స్కోఫీల్డ్స్. ఇది దారుగ్ ఆదివాసుల నేల. 1864లో ఇటు రైలు వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో విమానాలు దిగే మైదానం వేశారు, తర్వాత 1994 దాకా నౌకాదళం వారి నిరింబా కేంద్రం నడిచింది. అప్పట్లో చుట్టూ ఉన్నదంతా కూరగాయల తోటలు, పశువుల బీళ్లు, కోళ్లఫారాలు. 2011లో రైల్వే స్టేషను కొత్త చోటికి జరిగింది. 2019లో పక్కనున్న టలావాంగ్ దాకా మెట్రో వచ్చింది. బీళ్లు ప్లాట్లయ్యాయి, ప్లాట్లలో ఇళ్లు లేచాయి. ఇవాళ ఏ సాయంత్రమైనా ఈ వీధుల్లో నడిస్తే కంచెల మీదుగా తెలుగు వినిపిస్తుంది. కరివేపాకు మొక్క లేని తెలుగిల్లు కనిపించదు. కొన్ని పెరళ్లలో ఆ మొక్క పక్కనే కోళ్ల గూడు. ఇక్కడివాళ్లు చూక్స్ అని ముద్దుగా పిలుచుకునే పెట్టలు, ఊళ్లో నానమ్మ పెంచిన నాటుకోళ్ల జ్ఞాపకంతో వచ్చిన మనవాళ్ల చేతుల్లో మేత తింటున్నాయి.

ఈ ఖండానికి కోడి వలస వచ్చినదే. 1788 మేలో గవర్నర్ ఆర్థర్ ఫిలిప్ వేయించిన పశువుల లెక్కలో 122 కోళ్లు, 87 కోడిపిల్లలు ఉన్నాయి. కోడి కాలిని వదిలి ఎక్కువ కాలం బతకలేని నల్లి కూడా అలాంటి ఓడల్లోనే, ఏదో ఒక ముసలి పెట్ట పొలుసుల కింద దాక్కుని సముద్రాలు దాటి ఉండాలి. దాని చుట్టాలు మాత్రం ఇంకా చాలామంది ఉన్నారు. ఆస్ట్రేలియా నడిబొడ్డున గుంపులు గుంపులుగా ఎగిరే పచ్చటి బడ్జరిగార్ చిలకలు, పంజరాల్లో మనం లవ్‌బర్డ్స్ అని కొనుక్కునేవి, వాటి ముక్కు మొదట్లో తెల్లగా, సందులు సందులుగా పొక్కు కట్టించేది ఇదే కుటుంబంలోని మరో నల్లి. పిట్ట మారితే పురుగు మారుతుంది, పద్ధతి మారదు.

స్కోఫీల్డ్స్‌లో కాలి నల్లి ఒక కోడి నుంచి ఇంకో కోడికి పాకడం వెనక ఒక నక్క ఉంది. పడమటి సిడ్నీ అంతటా రాత్రిళ్లు నక్కలు తిరుగుతాయి. కంచె కింద బెత్తెడు సందు దొరికితే చాలు. అందుకని పొద్దు వాలగానే కోళ్లను గూట్లోకి తోలి గడియ పెట్టక తప్పదు. మన ఊళ్లలోనూ చీకటిపడితే గంప కింద మూయడం ఉన్నదే. గూట్లో ఒకే అడ్డకర్ర మీద ఒంటికి ఒళ్లు ఆనించి, కాలి పక్కన కాలు పెట్టి కోళ్లు రాత్రంతా కూచుంటాయి. కదలడమే బరువైన నల్లికి ప్రయాణం చెయ్యడానికి అంతకంటే మంచి వేళ లేదు. అందుకే ఇది నెమ్మదిగా పాకే జబ్బు. ఒక పెట్టకు వచ్చిన ఎన్నో వారాలకుగాని పక్కదానికి కనిపించదు. అదీ వయసు మీరినవాటికి ఎక్కువ. కాళ్ల మీద ఈకలుండే సిల్కీ, పెకిన్, బ్రహ్మా జాతులకు మరీ ఎక్కువ, ఆ ఈకల చాటున మొదలైంది చూసేవాళ్లకు తెలియదు కూడా. ఒకే గూట్లో ఒకదాని కాళ్లు కుళ్లిపోతున్నట్టు కనిపిస్తుంటే పక్కనే ఉన్న మరోదానికి ఒక్క పొలుసూ లేవకపోవచ్చు. తట్టుకునే శక్తి ఒక్కో కోడికి ఒక్కో రకం.

ఇంకో చిక్కు గూటి స్థానంలో ఉంది. న్యూ సౌత్ వేల్స్ నిబంధనల ప్రకారం కోళ్లను ఇంటికి 4.5 మీటర్ల కంటే దగ్గరగా ఉంచకూడదు. చిన్న ప్లాట్లలో అంత దూరమంటే పెరట్లో కట్టకడపటి మూల, కంచె నీడ. ఉదయం ఆఫీసుకు పోయే తొందరలో తలుపు తీసి గింజలు చల్లి వచ్చేస్తాం. గుడ్లు చూస్తాం, కాళ్లు చూడం. కోడి చెప్పదు. వేటాడే జంతువుల మధ్య పుట్టిన జాతి, కుంటితే ముందు తననే పట్టుకుపోతాయని దాని రక్తానికి తెలుసు. నొప్పిని చివరిదాకా దాచుకుంటుంది.

కాబట్టి మనమే చూడాలి. అందుకు మంచి వేళ చీకటి పడ్డాక. కోళ్లు అడ్డకర్ర మీద సద్దుమణిగి ఉంటాయి, తరమక్కర్లేదు. మెల్లగా రెక్కలతో సహా రెండు చేతులా ఎత్తుకుని, తల వెనక్కి, కాళ్లు ముందుకి వచ్చేలా ఎడమ చంకలో పెట్టుకోవాలి. టార్చి ఎదురుగా కాకుండా పక్కనుంచి వేయాలి. పక్క వెలుగులో లేచిన పొలుసుకు నీడ పడుతుంది, ఆ నీడే పట్టిస్తుంది.

మా పెరట్లో నల్ల ఆస్ట్రలార్ప్ పెట్ట ఉంది. ఈ జాతి ఈ దేశపు గర్వం. 1922–23లో విక్టోరియాలోని జీలాంగ్‌లో జరిగిన పోటీలో ఆరు ఆస్ట్రలార్ప్ పెట్టలు 365 రోజుల్లో 1,857 గుడ్లు పెట్టి ప్రపంచ రికార్డు సాధించాయి. దాని కాళ్లు కూడా నలుపే, పలకరంగు నలుపు. కాలి నల్లిని గుర్తుపట్టడం నేర్చుకోవాలంటే ఇలాంటి కాలిని మించింది లేదు. మొదటి గుర్తు వేళ్లు కాలిలో కలిసే చోట ఉంది. మధ్యవేలి మొదట్లో ఒకే ఒక్క పొలుసు, కింది అంచు వెంట్రుకవాసి లేచి ఉంది. ఆ అంచు కింద సన్నటి తెల్లపొడి. తడిగుడ్డతో తుడిస్తే మట్టయితే పోతుంది, ఇది పోలేదు. బొటనవేలిని కింది నుంచి పైకి మెల్లగా నడిపితే ఆరోగ్యమైన కాలు నున్నగా జారుతుంది, ఆ ఒక్క చోట మాత్రం వేలికి తగిలింది. ఎడమకాలికి అదే చోట మరో రెండు. పైన కాలంతా శుభ్రంగా మెరుస్తూ ఉంది. నల్లి ఎప్పుడూ కిందినుంచే మొదలుపెట్టి పైకి ఎక్కుతుంది.

అక్కడ పట్టుకోకపోతే తర్వాత జరిగేది ఇది. తొలుస్తున్న పురుగును బయటికి నెట్టాలని చర్మం పొర మీద పొర వేస్తుంది. దాని విసర్జితాలు, కారిన రసి, చచ్చిన చర్మం కలిసి బూడిదరంగు పొక్కు కడతాయి. పొలుసులన్నీ లేచి నిలబడి కాలు రెండింతలు లావవుతుంది. ఆ పొక్కు అడుగున చూస్తే అంతా బెజ్జాలే. వేళ్లు వంకర తిరుగుతాయి, ముడుచుకోవు, అడ్డకర్ర మీద పట్టు చిక్కదు. కోడి నేల మీదే ముడుచుకు కూచుంటుంది, మేత దగ్గరికి ఆఖరున వస్తుంది, గుడ్లు తగ్గుతాయి. మరీ ముదిరితే వేలి కొస ఊడిపోవచ్చు కూడా. ఒక్కోసారి నల్లి జుట్టు మీదికీ, గొంతు కింది తోలు మీదికీ ఎక్కుతుంది.

ఇలా కనిపించేవన్నీ నల్లే అనుకోకూడదు. వయసుతో పొలుసు మొరటుతేలడం సహజం. అది కాలంతా ఒకే తీరుగా ఉంటుంది, కింద పొడి ఉండదు. పసుపు కాళ్ల పెట్ట వరసగా గుడ్లు పెడుతుంటే కాళ్లలో పసుపు తరిగి తెల్లబారుతుంది, ఆ రంగు పచ్చసొనలోకి పోతోంది, జబ్బు కాదు. అరికాలి మధ్య నల్లటి పెచ్చు, దాని చుట్టూ వాపు ఉంటే అది చీము పుండు, దాని వైద్యం వేరు. ఇక భయపడవలసినది ఒకటుంది. కాళ్ల మీద ఎర్రగా, ఊదాగా నెత్తురు చారలు, జుట్టు నీలమవడం, కోళ్లు ఉన్నట్టుండి పడి చచ్చిపోవడం బర్డ్ ఫ్లూ లక్షణాలు. 2024 జూన్‌లో ఇక్కడికి దగ్గరే ఉన్న హాక్స్‌బరీ ప్రాంతపు కోళ్లఫారాల్లో హెచ్7 రకం బయటపడింది. అలాంటివి కనిపిస్తే కోడిని పట్టుకుని పరీక్షలు చెయ్యకుండా వెంటనే పశురోగాల అత్యవసర నంబరు 1800 675 888కి ఫోను చెయ్యాలి. కాలి నల్లికి ఆ హడావుడి అక్కర్లేదు. అది ప్రాణం తీసే వేగంతో రాదు, మనుషులకు అంటదు, పిల్లలు కోడిని ఎత్తుకున్నా భయం లేదు.

వైద్యం విషయంలో మా వీధిలో ఒక వాదన జరిగింది. కొడుకు దగ్గరికి గుంటూరు నుంచి వచ్చిన పెద్దావిడ కంచె దగ్గర నిలబడి నేను కోడి కాళ్లు కడగడం చూశారు.

"దానికింత తతంగమెందుకమ్మా, కిరసనాయిలు పూసి వదిలెయ్యి. మా అత్తగారు అదే చేసేవారు."

"మంట పుడుతుంది పిన్నిగారూ. పొలుసు కింద పచ్చి చర్మం."

"మరి పురుగు చావొద్దూ?"

"నూనెకే చస్తుంది. దానికి ముక్కు లేదు, ఒళ్లంతా ముక్కే. ఒళ్లు మూసేస్తే ఊపిరాడదు."

ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే కొబ్బరినూనె చాలంటావు" అన్నారు.

చాలు. కొబ్బరినూనె, వాజిలీన్, లిక్విడ్ పారఫిన్, ఏదైనా పనిచేస్తుంది. మన దగ్గరే కాదు, ఈ దేశంలోనూ పాతకాలం రైతులు కిరసనాయిలు, డీజిలు, తారుమందులు వాడేవారు. పురుగు చచ్చేది నిజమే, దానితోపాటు చర్మం కాలేది. ఆ నొప్పిని కూడా కోడి దాచుకునేది.

పద్ధతి ఇది. చెయ్యి పట్టేంత గోరువెచ్చటి నీళ్లలో కాస్త సబ్బు కలిపి, కాళ్లు మడమ దాకా మునిగేలా కోడిని నిలబెట్టాలి. ఒకరు పట్టుకుంటే ఇంకొకరికి సులువు. కాసేపటికి చాలా కోళ్లు ఆ వెచ్చదనానికి కళ్లు మూస్తాయి. పొక్కు నాని మెత్తబడ్డాక పాత మెత్తటి టూత్‌బ్రష్‌తో పైనుంచి కిందికి, పొలుసు వాలిన దిక్కుకే రుద్దాలి. ఊడివచ్చేది ఊడుతుంది. రానిదాన్ని గోటితో గిల్లి లాగకూడదు. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా చాలదు. పొక్కుతోపాటు బతికున్న పొలుసు ఊడి నెత్తురు వస్తుంది, ఆ గాయంలోకి సూక్ష్మజీవులు చేరితే నల్లి కంటే పెద్ద కష్టం. వాళ్టికి ఊడనిది వచ్చే వారం ఊడుతుంది. తర్వాత కాళ్లు పొడిగా ఒత్తి, ప్రతి పొలుసు అంచు కిందికీ దిగేలా నూనె దట్టంగా పట్టించాలి. వేళ్ల సందులు మరిచిపోవద్దు.

ఈ పని రాత్రి చేస్తే మంచిది. పగలైతే కోడి నేరుగా పోయి దుమ్ములో పొర్లుతుంది, నూనె కాస్తా బురదవుతుంది. నూనె పొట్ట ఈకలకు అంటకుండా చూసుకోవాలి. నూనె తాగిన ఈక చలి ఆపదు, స్కోఫీల్డ్స్‌లో జూలై రాత్రులు ఒక్కోసారి మంచు గడ్డకట్టేంత చల్లగా ఉంటాయి. గుడ్లమీద పొదగడానికి కూచున్న పెట్టయితే ఇంకా జాగ్రత్త కావాలి. పెంకులోని సన్నటి రంధ్రాలతోనే లోపలి పిల్ల గాలి పీల్చుకుంటుంది. కాళ్ల నూనె వాటిని మూసిందంటే నల్లికి జరిగిందే పిల్లకూ జరుగుతుంది.

ఒకసారి పూసి ఊరుకుంటే ఏమీ కాదు. సొరంగాల అడుగున దాగినవి బతికే ఉంటాయి, పిల్లలు పుడుతూనే ఉంటాయి. రెండు మూడు వారాల్లో ఒక తరం తయారవుతుంది కాబట్టి వారానికి రెండుసార్ల చొప్పున కనీసం నాలుగైదు వారాలు, ముదిరితే ఇంకా ఎక్కువకాలం పట్టు వదలకుండా చెయ్యాలి. ఒక్క కోడికే కనిపించినా గూట్లోని అన్నిటికీ పూయాలి. ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. రెండో వారానికి పొక్కు తగ్గినట్టు కనిపించగానే మానేస్తారు, రెండు నెలలకు మళ్లీ మొదలవుతుంది.

నూనెకు లొంగనంతగా ముదిరినప్పుడు, కోడి కుంటుతున్నప్పుడు పశువైద్యుల దగ్గరికి తీసుకుపోవాలి. వాళ్లు పొక్కును కొద్దిగా గీకి సూక్ష్మదర్శిని కింద పెట్టి పురుగును చూసి ఖాయం చేస్తారు. ఇలాంటి సందర్భాల్లో పేరు వినిపించే మందు ఐవర్‌మెక్టిన్. దాని పుట్టుక కూడా ప్రకృతి వింతే. 1970ల మొదట్లో జపాన్‌లోని ఇతో నగరంలో, గోల్ఫ్ మైదానం దగ్గరి మట్టిలో సతోషి ఓమురాకు దొరికిన ఒక సూక్ష్మజీవి దాని మూలపదార్థాన్ని తయారుచేస్తుంది. అమెరికాలో విలియం క్యాంప్‌బెల్ దాని శక్తిని గుర్తించాడు. 1981లో పశువుల మందుగా బయటికి వచ్చింది, 2015లో ఇద్దరికీ నోబెల్ బహుమతి తెచ్చింది. పురుగు నరాలను, కండరాలను పడగొట్టి చంపుతుంది. ఇక్కడ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావును తలుచుకోకుండా ఉండలేను. లావెక్కి పొలుసులు లేచిన కోడి కాలు చూస్తే గోదావరి జిల్లాల్లో మన పెద్దవాళ్లు మోసిన బోదకాలు గుర్తుకొస్తుంది. జబ్బులు పూర్తిగా వేరు, కానీ బోదకాలుకు మందు అమెరికాలో ఆయన బృందం చేతుల మీదుగానే 1940ల్లో వచ్చింది. ఇవాళ మనదేశంలో బోదకాలును తుడిచిపెట్టడానికి కొన్ని జిల్లాల్లో ఇస్తున్న మూడు మందుల్లో ఆయన మందూ ఐవర్‌మెక్టిన్ పక్కపక్కనే ఉంటున్నాయి.

అంత మంచి మందే అయినా పెరటి కోడికి సొంతంగా వాడవద్దు. మనం గుడ్లు తినే కోళ్లకు ఆస్ట్రేలియాలో ఆమోదం ఉన్న మందు కాదిది. గొర్రెలకో గుర్రాలకో అమ్మే సీసా తెచ్చి చుక్కలు లెక్కపెట్టడం కోడికీ మంచిది కాదు, ఆ గుడ్డు తినే పిల్లలకూ మంచిది కాదు. రాయాలా వద్దా, ఎంత మోతాదు, ఎన్నాళ్లు గుడ్లు పారెయ్యాలి అన్నది పశువైద్యులే చెప్పాలి. వాళ్లు చెప్పిన గడువు నిండేదాకా ఒక్క గుడ్డు కూడా వంటింట్లోకి రాకూడదు, పక్కింటికీ ఇవ్వకూడదు.

గూటి పని కూడా ఉంది. అడ్డకర్రలు తీసి గీకి కడిగి ఎండబెట్టాలి, బొచ్చు, పాత గడ్డి తీసేసి కొత్తది వెయ్యాలి. కాలి నల్లి ఎక్కువగా కోడి మీదే ఉంటుంది గాని, రాలిన పొక్కుల్లో కొన్ని బతికి ఉంటాయి. పనిలో పనిగా కర్రల కొసల్లో పగుళ్లు చూడండి. అక్కడ బూడిదపొడి, ఎర్రటి చుక్కలు కనిపిస్తే అది ఇంకో పురుగు, ఎర్ర నల్లి. పగలు సందుల్లో దాక్కుని రాత్రి మాత్రమే వచ్చి నెత్తురు తాగిపోయే రకం. దానికి నూనె వైద్యం పనికిరాదు, గూడునే శుభ్రం చెయ్యాలి.

నల్లి చచ్చినంత మాత్రాన కాలు వెంటనే నున్నబడదు. చూసేవాళ్లకు ఇది నిరుత్సాహం కలిగిస్తుంది, మందు పనిచెయ్యలేదేమో అనిపిస్తుంది. పనిచేసిందో లేదో తెలియాలంటే పొలుసు రూపం కాదు, కొత్తపొడి రాలుతోందా లేదా అన్నది చూడాలి. పాడైన పొలుసు స్థానంలో కింది నుంచి కొత్తది ఎదిగి రావాలి. సిడ్నీలో కోళ్లు ఈకలు రాల్చేది ఎండలు తగ్గే మార్చి, ఏప్రిల్ నెలల్లో. ఈక మారినట్టే పొలుసూ మారుతుంది. అందుకని కాలు పూర్తిగా తేరుకోవడానికి నెలలు పడతాయి, కొన్నిటికి మరుసటి ఈకల మార్పిడి దాకా ఆగాలి. వంకరపోయిన వేలు మాత్రం తిన్నబడదు. అలాంటి కోడికి అడ్డకర్రను నేలకు దగ్గరగా, వెడల్పాటి చెక్కతో వేస్తే వేళ్లు ముడవకుండానే కూచోగలదు.

కొత్తగా కోళ్లు కొనేవాళ్లు అమ్మేవారి దగ్గరే కాళ్లు చూడాలి. పగటి వెలుగులో, రెండు కాళ్లూ, వేళ్ల సందులతో సహా. ఒక్క పొలుసు లేచి ఉన్నా ఆ గూట్లో అన్నిటికీ ఉన్నట్టే లెక్క. బాగున్నట్టే కనిపించినా ఇంటికి తెచ్చాక నెల రోజులు విడిగా, వేరే అడ్డకర్ర మీద ఉంచి, నూనె వైద్యం ఒక విడత చేశాకే పాతవాటితో కలపాలి.